ఒత్తు యాడ?

"ఒత్తు 'పర్' మీద కాదండీ, 'ఫంక్' మీద."

అనేసినాక కమలవల్లి నాలుక కరుచుకుంది. ఆళ్లగడ్డ హైస్కూల్లో ఇంగ్లీషు టీచరయితే మాత్రం, పెళ్లిచూపుల్లో చాప మీద కూర్చుని పెళ్లికొడుకును దిద్దుతారా ఎవరైనా?

నంద్యాల కాలేజీ ఇంగ్లీషు లెక్చరరు వరదరాజులు అడిగింది చిన్న మాటే. "పాఠాలు మనసుపెట్టి చెప్తారా, పర్ఫంక్టరిలీనా?" మొక్కుబడిగానా అని. అయితే ఆ మొదటి 'పర్'ను బేతంచెర్ల బండ మీద సుత్తి వేసినట్టు ఒత్తి పలికినాడు.

"పర్ మీదే," అన్నాడిప్పుడు. "పర్, ఫంక్, ట్రి, లి. నాలుగు ముక్కలు."

"అయిదు." బడి అలవాటు, చేతులు వాటంతటవే చప్పట్లు కొట్టినాయి. "పర్. ఫంక్. ట. రి. లి. ఫంక్షన్‌లో ఉండే ఫంకే ఇది. ముందర పర్, చివర లి తగిలించినారు."

"వల్లీ," అన్నాడు తండ్రి కృష్ణస్వామి పళ్ల సందు నుంచి. "ఒత్తు యాడుంటే మనకేందమ్మా? ఆయప్పకు యాడ కావల్లో ఆడ పెట్టుకోనీ."

వల్లి తగ్గలేదు. వరదరాజులూ తగ్గలేదు. ఉప్మా చల్లారిపోయింది. అతని తల్లి శేషమ్మ నంద్యాల బస్సు ఎప్పుడుందని రెండుసార్లు అడిగింది. చివరకు వల్లి లోపలికి పోయి డిక్షనరీ తెచ్చి అతని ముందర తెరిచింది. అయిదు ముక్కలు. ఒత్తు గుర్తు ఫంక్ దగ్గరే.

కృష్ణస్వామి గోడకేసి చూస్తాండాడు. ఈ సంబంధం కూడా పాయె అనుకున్నాడు. డిక్షనరీలోకి వంగి చూస్తున్న పెళ్లికొడుకును చూస్తే వల్లికి ఎందుకో నవ్వొచ్చింది.

వరదరాజులు తలెత్తి తనూ నవ్వినాడు.

"నాకు ముందే తెలుసు. కావాలనే తప్పు పలికినా. చూసిన పిల్లలంతా, ఎమ్మే చదివినవాళ్లు కూడా, దీనికి తలూపినారు. తప్పును తప్పన్నది మీరొక్కరే. అమ్మా, నాకీ అమ్మాయి నచ్చింది."

కృష్ణస్వామికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. శేషమ్మ బస్సు మాట మరిచిపోయి, "ఇంకేం, మంచిరోజు చూడండప్పా," అంది.

"నీకూ సమ్మతమే కదా వల్లీ?" అన్నాడు తండ్రి, అడగాలి గనక.

వల్లి డిక్షనరీ మూసింది.

"తెలీక వాదిస్తాండాడు అనుకున్నంతసేపూ సమ్మతమే నాయనా. తప్పని తెలిసీ ఇంతసేపు వాదించే మనిషితో కాపురం నావల్ల కాదు."