నిదానపు నాణెం

ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. భర్త ఫోన్ పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

“రేపు ఫీజు కట్టకపోతే మా చెల్లి సీటు పోతుందండీ.”

“తెలుసు. పొద్దుట్నుంచీ అదే పాట.”

చెల్లెలు దాచుకున్నదంతా బిట్‌కాయిన్లలో ఉంది. బావగారు ఆ విద్య నేర్పే మాస్టారు కదా అని, అవన్నీ ఆయన చిరునామాకే పంపి, అమ్మిపెట్టే పని ఆయనకే అప్పగించింది. పొద్దున ఆయన కొనేవాడికి పంపబోయి, ఫోన్ జాబితాలో పక్క వరసలోని చిరునామాకు పంపేశాడు. ఎప్పుడో ఫీజు కట్టిన శిష్యుడిది. ఏ శిష్యుడో తెలియదు. అక్కడ పేర్లుండవు, బారెడు అక్షరాలే.

“మీ శిష్యులందరికీ ఫోన్ చేసి అడగరాదూ?”

“అడిగితే మాత్రం ఎవడొప్పుకుంటాడు? మాస్టారికే పంపడం రాదని నవ్వుకుంటారు, అంతే.”

తలుపు చప్పుడైంది.

తడిసిన గొడుగుతో గుమ్మంలో ఒక నడివయసు ఆవిడ.

“మాస్టారూ, మావాడు మీ దగ్గర నాలుగు రోజులు నేర్చుకున్నాడండీ. విసుగొచ్చి ఆ ఫోన్ నా మొహాన పడేశాడు. ఇదేమిటో కాస్త తెలుసుకుందామని వచ్చాను.”

“కూర్చోండి.”

“గేటు మీది బోర్డులో ఏవో అక్షరాలున్నాయి. అది మీ చిరునామాయేనా?”

“నాదే.”

ఆవిడ గొడుగు మూలన పెట్టి కూర్చుంది. “బిట్‌కాయిన్ అంటారు, బ్యాంకుల కాయిన్ అని ఇంకేదో అంటారు. రెండూ ఒకటి కాదా?”

పాఠం అనేసరికి మాస్టారి గొంతు లేచింది.

“ఒకింట్లో ఇద్దరు కోడళ్లనుకోండి. బిట్‌కాయిన్ పెద్దకోడలు. మహా నిదానం. ఏం చేసినా అందరి లెక్కల్లోనూ ఎక్కాలి, అందరూ సరిచూడాలి. దాచుకోవడానికి మంచిది. రెండోది చిన్నకోడలు. ఎంచుకున్న నలుగురు సరేనంటే చాలు, చిటికెలో పనైపోతుంది. బ్యాంకులు డబ్బు దేశాలు దాటించడానికని దాన్ని పుట్టించారు.”

“మరి అత్తగారి అండ ఎవరికుంది?”

ఇల్లాలు ఫక్కున నవ్వింది.

“చిన్నదానికే,” అన్నాడు మాస్టారు, నవ్వకుండా. “పొరపాటు జరిగితే మొరపెట్టుకోవడానికైనా ఆ నలుగురూ ఉన్నారు. పెద్దదానికి పైన ఎవరూ లేరు. పోయిందంటే పోయినట్టే.”

“ఎవరు పంపారో తెలియదా?”

“చిరునామా ఎవరికైనా కనిపిస్తుంది. మనిషే కనిపించడు.”

“తిరిగి రావాలంటే?”

“తీసుకున్నవాడు ఇవ్వాలి. ఈ రోజుల్లో ఇచ్చే మొహాలున్నాయా? మా మరదలి సీటు మింగి హాయిగా కూర్చున్నాడొక దొంగ!”

ఆవిడ ఇల్లాలి వైపు తిరిగింది. “సీటా అమ్మా?”

“మా చెల్లిదండీ. నర్సు కోర్సు. రేపే ఆఖరు.”

ఆవిడ ఇంకేదో అడగబోయింది.

“మిగతావి ఫీజు కట్టాకే,” అన్నాడు మాస్టారు. “ఎంతో బోర్డు మీదే ఉంది.”

ఆవిడ సంచిలోంచి ఫోన్, బోర్డు చూసి రాసుకున్న చీటీ తీసింది. కళ్లజోడు సవరించుకుని, ఒక్కో అక్షరమే చూసుకుంటూ చాలాసేపు నొక్కింది. మళ్లీ మొదటినుంచీ సరిచూసింది. తర్వాత లేచి, ఇల్లాలికి నమస్కారం పెట్టి, గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

“చూశావా? కడుతున్నట్టు నటించి ఎలా జారుకుందో!”

“పెద్దకోడలు నిదానం అన్నారుగా. వస్తుందేమో ఆగండి.”

“వస్తుంది, వస్తుంది. నువ్వు కూర్చుని ఎదురుచూడు.”

ఆమె దుప్పట్లు కూడా మడతపెట్టేసి, బీరువాలో సర్దుతుండగా ఫోన్ టింగుమంది.

మాస్టారు చూశాడు. మళ్లీ చూశాడు.

“ఏమైందండీ?”

ఆయన ఫోన్ బల్ల మీద పెట్టి, చెప్పులైనా వేసుకోకుండా వానలోకి వెళ్లిపోయాడు.

ఆమె ఫోన్ అందుకుంది.

చెల్లెలి సొమ్ము మొత్తం, దానిపైన ఒక పాఠం ఫీజు. వచ్చింది మాత్రం, పొద్దున పొరపాటున పంపిన ఆ చిరునామా నుంచే.