పదకొండో గుండుసూది

ఈ ఉదయం గోడమీది ప్రపంచపటంలో పదకొండో గుండుసూది లేదు, చిన్న రంధ్రమే మిగిలింది. నేను ఒంటరిగా చుట్టి రావాలనుకున్న పంతొమ్మిది ఊళ్లకూ ఒక్కో సూది గుచ్చి పెట్టుకున్నాను.

"నువ్వే తీశావా అమ్మా?"

"అంచు మడతకి తక్కువైంది," అంది అమ్మ, కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండా.

"డబ్బా నిండా ఉన్నాయిగా!"

"లోకమంతా చుట్టొచ్చే పిల్లకి ఒక్క ఊరు తగ్గితే కొంప మునుగుతుందా?"

"మునుగుతుంది."

మిషన్ ఆగింది. "మిగతా పద్దెనిమిదీ చూసిరా. ఆ ఒక్కటీ వద్దే తల్లీ."

నేను డబ్బాలోంచి ఇంకో సూది తీసి ఆ రంధ్రంలోనే గుచ్చాను. అమ్మ చాలాసేపు పటం వైపే చూసింది.

"అయితే అక్కడ నాలుగు రోజులు ఎక్కువుండు," అంది.

ఆరేళ్ల కిందట అక్క చివరిసారి ఫోన్ చేసింది ఆ ఊరినుంచే.