ఎవరికీ అక్కర్లేని ఊరు

“ఆ ఊరు మీదేనండీ!”

“మా అమ్మతోడు, మీదే! కావాలంటే ఊరితోపాటు గుట్ట కూడా ఇచ్చేస్తాం, పట్టుకుపోండి.”

ఫోన్లో ఇరుగుపొరుగు దేశాల డాక్టర్లిద్దరూ అరుచుకుంటుంటే మధ్యలో మేడమ్ తల పట్టుకుంది. జానెడు నేల కోసం కొట్టుకు చచ్చిన రెండు దేశాలు, ఇప్పుడు ఏకంగా ఊరినే ఒకరి నెత్తిన ఒకరు రుద్దుతున్నాయి.

కారణం ట్రకోమా. రెప్పలు లోపలికి ముడుచుకుని, వెంట్రుకలు కంటిగుడ్డును గీరి గీరి చూపు పోగొట్టే అంటురోగం. దేశాలన్నిటినీ కూడగట్టి దాన్ని ప్రపంచంలోనే లేకుండా చెయ్యడం మేడమ్ ఉద్యోగం. సరిహద్దు గుట్టల్లోని ఈ ఊరు ఎవరి లెక్కలో పడితే, ఆ దేశానికి “జబ్బు పోయింది” అన్న ప్రకటన ఆగిపోతుంది. మేడమ్ సొంత దేశమూ ఆ పక్కనే. అక్కడ ఆ సంబరం నిరుడే అయిపోయింది. అందుకే ఇద్దరూ ఆవిణ్ణి పెద్దమనిషిగా ఒప్పుకున్నారు.

“ఊరెవరిదో తర్వాత తేల్చుకుందురు. అక్కడ పిల్లలు కళ్లు నులుముకుంటున్నారు. మాత్రలు ఒకరివ్వండి, రెప్పల ఆపరేషన్లు ఒకరు చెయ్యండి,” అంది మేడమ్.

“ముందు వెళ్లినవాళ్లు ఊరు తమదని ఒప్పుకున్నట్టే కదండీ?”

“అయితే ఇద్దరూ ఒకేసారి అడుగు పెట్టండి!”

వెళ్లారు. ఎడమొహం పెడమొహంగానే వెళ్లారు. ఒకాయన ఇంటింటికీ తిరిగి మాత్రలు మింగించాడు. రెండో ఆయన ముసలివాళ్ల రెప్పలు సరిచేశాడు. పిల్లల మొహాలు కడగడానికి నీళ్లు లేవంటే పోటీలు పడి చెరో కుళాయీ వేయించారు.

నొప్పితో ఏళ్లుగా కళ్లు విప్పలేని ఒక పెద్దమ్మ, కట్టు తీయగానే మనవరాలి మొహం చేతుల్లోకి తీసుకుంది.

“ఓసి నీ ఇల్లు బంగారంగానూ! అచ్చం నా ముక్కేనే!”

డాక్టర్లిద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు కళ్లు తుడుచుకున్నారు.

రెండేళ్లకి మళ్లీ పరీక్షలు జరిగాయి. ఊళ్లో జబ్బు జాడే లేదు. ఆ మాట చెప్పడానికి మేడమ్ స్వయంగా వచ్చింది.

“చూశారా మా ఊరు!” అన్నాడు మొదటి డాక్టరు.

“మీదెప్పుడైందండీ? తాతల కాలం నుంచీ మాది!” అన్నాడు రెండో ఆయన.

వాళ్లనలా వదిలేసి కారెక్కబోతున్న మేడమ్ చెయ్యి పట్టుకుని, పెద్దమ్మ ఆవిడ చెవిలో గుసగుసగా అడిగింది.

“ఊరు మన దేశానిదని వాళ్లకెప్పుడు చెబుతావు తల్లీ?”