పన్నెండణాల పంట

తెల్లవారితే మల్లప్ప పాడి ఎనుమును జప్తు చేస్తారు.

భూమి సిస్తు బాకీ కింద తోలుకుపోతామని తలారి పోతులయ్య పొద్దున్నే ఇంటి ముందు నిలబడి చెప్పాడు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. వరుసగా రెండేళ్లు వాన మొహం చాటేసింది. పెనుకొండ చుట్టుపక్కల చేలన్నీ మాడిపోయాయి. మల్లప్ప ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే అది ఆ ఎనుము పుణ్యమే. పాలు పెనుకొండ హోటల్లో పోసి, అతని భార్య పుట్టమ్మ రాగులు తెస్తుంది.

"పండినప్పుడు ఎవురూ అడక్కుండానే కట్టినాం గదప్పా. పండనప్పుడు గొంతు మీద కూచుంటే యాడ నుంచి తెచ్చేది?" పుట్టమ్మ ఏడ్చేసింది.

"ఇష్టముంటే ఇచ్చేదాన్ని సిస్తు అనరక్కా. కట్టి తీరాల్సిందే." పోతులయ్య తల వంచుకున్నాడు. "మాఫీ చెయ్యమని మన ఊరి రెడ్డి పెట్టిన అర్జీకి జవాబే లేదు. నా చేతిలో ఏముండాది?"

మల్లప్పకు ఒక్కటే ఆశ మిగిలింది. హిందూపురం మండీ సావుకారు పంట మీద ముందుగానే బయానా ఇస్తానన్నాడు. చేను చూసేందుకు మనిషిని పంపుతానని కబురు చేశాడు. ఆ దుడ్లు చేతికొస్తే ఎనుము దక్కుతుంది.

మధ్యాహ్నానికి మనిషి రానే వచ్చాడు.

పెనుకొండ బస్సు దిగి, గొడుగు పట్టుకుని ఒంటరిగా నడిచి వచ్చాడు. దారి పక్కనే ఉన్న మల్లప్ప చేనులోకి దిగి, వేరుశనగ చెట్టొకటి పీకి చూశాడు.

మల్లప్ప పరుగెత్తుకొచ్చాడు.

"దండాలు సామీ. మీ కోసరమే చూస్తాండా."

"నా కోసమా? నేను వస్తానని ఎవరు చెప్పారు?"

"చెప్పాల్నా సామీ? చెట్టు పీకి చూస్తాండారంటేనే తెలీదా!"

ఆయన నవ్వాడు. పీకిన చెట్టుకు రెండే కాయలున్నాయి. ఒకటి నలిపితే లోపల పప్పు లేదు.

"అయ్యో, పంట పోయినట్టే. నిండు పంట పదహారణాలనుకుంటే, ఇది నాలుగణాలైనా ఉండదేమో?"

అది నిజమేనని మల్లప్పకూ తెలుసు. కానీ మండీ మనుషుల సంగతి అతనికి తెలియనిదా? కొనేవాడెప్పుడూ పంట బాగుందనడు. పంటను ఎంత దించితే బయానా అంత దిగుతుంది.

"అంత మాట అనద్దండి సామీ! అది గట్టువార చెట్టు. ఎనిమిదణాలకు తక్కువ లేదు."

"ఎనిమిదా? నిజం చెప్పు. నీ మంచి కోసమే అడుగుతున్నాను."

నీ మంచి కోసమే అనని వ్యాపారిని మల్లప్ప పుట్టి ఎరగడు. ఆయన్ను చేని మూలకు తీసుకుపోయాడు. గట్టు అవతల రంగప్ప బావి ఉంది. ఆ తడి ఊరి, ఈవల నాలుగు సాళ్లు పచ్చగా ఉన్నాయి. అక్కడ ఒక చెట్టు పీకితే కాయలు గుత్తిగా వచ్చాయి.

"ఇంగ చూడండి. పదణాలు!"

"చేనంతా ఇట్లా లేదు గదయ్యా?"

"పన్నెండు సామీ! మా నాయన మీద ప్రమాణం. పన్నెండణాల పంట!"

ఆకలి మీదున్నవాడి నోట అణాలకు కరువేముంది!

పుట్టమ్మ మజ్జిగ చెంబు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి, మెల్లగా అడిగాడు.

"తిండికి ఇబ్బందిగా ఉందామ్మా?"

మల్లప్ప ఆమె వైపు గుడ్లురిమాడు. మొన్నటి నుంచి సంగటి ముద్ద ఎరగని పుట్టమ్మ కొంగు బిగించుకుంది.

"మాకేం తక్కువ సామీ. ఇంటి నిండా గింజలుండాయి."

ఆయన చెంబు కింద పెట్టాడు.

"ఒక్క మాట అడుగుతాను. సిస్తు ఎట్లా కడుతున్నావు? జప్తుకు భయపడి కడుతున్నావా, ఇష్టంతోనే కడుతున్నావా?"

మల్లప్పకు ఏడుపు తన్నుకొచ్చింది. బాకీ ఉందని తెలిస్తే ఏ సావుకారు బయానా ఇస్తాడు? ఏడుపును మింగేశాడు.

"ఇష్టంతోనే సామీ. సర్కారు బలవంతం చెయ్యాల్నా? ఎవురూ అడక్కపోయినా నేనే పోయి కట్టొస్తా."

ఆయన ఇంకో మాట కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు.

"సరేనయ్యా. నువ్వు చెప్పిందే చెప్తాను" అని బస్సు దారి పట్టాడు.

"ఏమయ్యా, బేరమే ఆడకుండా పోతాండాడే!" అంది పుట్టమ్మ.

"పెద్ద మండీవోళ్లు అట్లే ఉంటారు. మన ఎనుము దక్కిందిలే పో."

చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ఇద్దరూ నవ్వారు.

మరుసటి రోజు పోతులయ్య పలుపు పట్టుకుని వచ్చాడు.

"ఒక్క పూట ఆగప్పా! మండీ ఆయన నిన్ననే చేను చూసి పోయినాడు. దుడ్లు వస్తాండాయి" అని మల్లప్ప అడ్డం నిలబడ్డాడు.

"నిన్న యాడ వచ్చినాడు? బస్సు తప్పిపోయి ఇప్పుడొచ్చినాడు. నీ చేను చూసి, ఈ తాలుకాయలకు బయానా ఏందని దారి మీంచే ఎనక్కి పోయినాడు."

పుట్టమ్మ పోయి ఎనుము మెడను వాటేసుకుంది.

"మరి నిన్న వచ్చిందెవురప్పా?" అన్నాడు మల్లప్ప.

పోతులయ్య అతని మొహం చూడలేక గుంజ దగ్గరికి నడిచాడు.

"రాత్రి కచేరీలో చెప్పినారు. పంట నాలుగణాలకు లోపని ఒక్క రైతు నోట వింటే చాలు, ఊరందరి సిస్తు మాఫీ రాసేద్దామని మన అర్జీ చూసి వచ్చిన ఆపీసరప్పా ఆయన."