దొరబాబు కాలు

దొరబాబుకి కాలు నొప్పి. అందుచేత పది వారాలుగా ఆ గుర్రపుస్వారీ బడిలో ఎవరూ గట్టిగా తుమ్మడం కూడా లేదు.

దొరబాబు అంటే గుర్రం. బడి యజమానురాలు దాన్ని పిల్లప్పటి నుంచి పెంచింది. ఒక వాన ఉదయం, దాన్ని చూసుకునే పెద్దాయన పగ్గం పట్టుకుని నడిపిస్తుండగా, అది తడి బండల మీద జారి ఆయన వైపే కూలబడింది. యజమానురాలు పెట్టిన కేకకి, గడ్డం సగం గీసుకున్న ఆమె భర్త సబ్బు నురగతోనే పరుగెత్తుకొచ్చాడు. నలుగురూ పట్టి గుర్రాన్ని లేపారు. ముందు ఎడమకాలు వాచింది. అందరూ గుర్రం వెంట వెళ్ళిపోయారు.

"కొట్టంలో పూర్తి విశ్రాంతి," అన్నాడు పశువుల డాక్టరు. "వాపు తగ్గాక వారానికోసారి నడిపించి చూద్దాం."

ఇక సేవలు మొదలయ్యాయి. రెండు పూటలా ఇరవై నిమిషాలు కాలి మీద చన్నీళ్ళ ధార. తర్వాత తైలం, ఆపైన దూది, ఆపైన కట్టు. కింద మూరెడు మందాన రంపపు పొట్టు. పైన రెండు ఫ్యాన్లు.

"పోయినేడు నేను మెట్ల మీంచి పడితే 'చూసుకుని దిగొచ్చుగా' అన్నావు," అని గుర్తుచేశాడు భర్త.

"మీకున్నవి రెండు కాళ్ళేగా. దానికి నాలుగు. ఎంత బాధో మీరే ఆలోచించండి."

ఆయన ఆలోచించాడు. ఆలోచించి లాభం లేదని తెలిసి పేపరు తిరగేసుకున్నాడు.

ఈ సేవలన్నీ చేసేది పెద్దాయనే. ఆ బడిలో ఒక గుర్రానికి ఒక్కడే మనిషి. పన్నెండేళ్ళుగా దొరబాబు పగ్గం మరొకరి చేతికి పోలేదు. ఆయన ఆగితే గుర్రం ఆగుతుంది. ఆయన అడుగేస్తే అదీ వేస్తుంది. అంతటి మనిషి కూడా ఈమధ్య పాడైపోయాడని యజమానురాలికి దిగులు. పిలిస్తే పావుగంటకి గానీ రాడు. నెలరోజులు రావలసిన తైలం సీసా పదిహేను రోజులకే ఖాళీ చేస్తున్నాడు. ఎక్కడ అమ్ముకుంటున్నాడో ఏమిటో! అన్నిటికీ మించి, మూడో వారంలో సెలవు అడిగాడు.

"రెండ్రోజులు ఇంటి దగ్గరుంటానమ్మగారూ."

"దొరబాబు ఇలా ఉంటే నీకు ఇంటి మీదికి మనసెలా పోయింది?"

పెద్దాయన తల దించుకున్నాడు. సిగ్గుపడ్డాడు కాబోలు అనుకుని ఆమె పెద్దమనసుతో క్షమించేసింది.

నాలుగో వారానికి వాపు పూర్తిగా పోయింది. ఎక్స్‌రేలో ఎముకలు ముత్యాల్లా ఉన్నాయి. కాలు నొక్కితే దొరబాబుకి చీమ కుట్టినట్టయినా లేదు. ఇంకేం, నడిపించి చూద్దామన్నాడు డాక్టరు. పెద్దాయన దవడ దగ్గర పగ్గం కురచగా పట్టుకుని నడిపించాడు.

"తలే చూడండి. ఇంకెటూ చూడొద్దు," అన్నాడు డాక్టరు, పాతికేళ్ళ అనుభవంతో. "నొప్పి ఉంటే తల ఊగుతుంది."

ఊగింది. అడుగడుక్కీ పైకీ కిందికీ ఊగింది. వారంవారం ముగ్గురూ వరసగా నిలబడి ఆ తల కేసే కళ్ళార్పకుండా చూశారు. వారంవారం అది ఊగుతూనే ఉంది.

"ఎక్స్‌రేకి దొరకని నొప్పి," అని తేల్చాడు డాక్టరు. దొరకనిది ఉన్నట్టు ఎలా తెలిసిందని భర్త అడగబోయాడు. భార్య చూసిన చూపుకి మానేశాడు.

పదో వారం డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, ఇక ఇది తగ్గేది కాదు. మూగజీవాన్ని ఇలా బాధపెట్టడం పాపం. సోమవారం సూది వేసేద్దాం. నిద్రలోనే పోతుంది."

యజమానురాలు ఆ నాలుగు రోజులూ అన్నం సయించక అల్లాడింది. ఎంత వెటకారం చేసినా ఒక్క మాట ఒప్పుకోవాలి, ఆమె ఏడుపులో నటన లేదు. పన్నెండేళ్ళు కన్నబిడ్డలా చూసుకుంది మరి.

సోమవారం పొద్దున్నే డాక్టరు సంచితో వచ్చాడు. పెద్దాయన కొట్టంలో మూల గడ్డిమోపు మీద కూర్చుని లేవనన్నాడు.

"నా చేత్తో తీసుకురాలేనమ్మగారూ. ఇన్నాళ్ళూ మేపిన చెయ్యి. ఇంకెవర్నైనా పట్టుకెళ్ళమనండి."

ఇంకెవరున్నారు? జీవితంలో మొదటిసారి ఆమే పగ్గం పట్టుకుంది. ఆవరణ చివరికి అరవై అడుగులుంటాయి. ఆమె కన్నీళ్ళతో నడిచింది. పక్కనే దొరబాబూ నడిచింది.

డాక్టరు సూదిలోకి మందు ఎక్కిస్తున్నవాడల్లా ఆగాడు.

"ఏదీ, మళ్ళీ నడిపించండి."

నడిపించింది.

"కాస్త పరుగెత్తించండి."

చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని పరుగెత్తింది. దొరబాబు తల ఇంతైనా ఊగలేదు. నాలుగు కాళ్ళూ తాళం వేసినట్టు టకటకా పడ్డాయి. డాక్టరు నోరు తెరిచాడు. భర్త చేతిలోని పేపరు కింద పెట్టాడు.

"తగ్గిపోయింది! నా తండ్రికి తగ్గిపోయింది!" ఆమె గుర్రం మెడ వాటేసుకుని ఏడ్చి, నవ్వి, కొట్టం వైపు తిరిగి కేకేసింది. "పెద్దాయనా! ఒకసారి ఇటొచ్చి చూడు, ఎలా నడుస్తోందో!"

ఆనందం పట్టలేక పెద్దాయన కొట్టంలోంచి పరుగున బయటికి వచ్చాడు, ఆ వాన ఉదయం గుర్రం కింద నలిగిన మోకాలిని చేత్తో అదిమి పట్టుకుని, పది వారాలుగా దొరబాబు తల ఎలా ఊగిందో అచ్చం అలాగే అడుగడుక్కీ పైకీ కిందికీ ఊగుతూ.