మొగిలమ్మ చీర

"ఏమీ మిగుల్చుకోకుండా భూమి మొత్తం మాకిచ్చేస్తున్నట్టు ఇక్కడ వేలిముద్ర వెయ్యి," అన్నాడు ఆకుపచ్చవాడు, పలక చాపి. పలమనేరు పక్కన టమాటా తోటలో వాడి ఓడ ఇంకా పొగలు కక్కుతోంది. దిగినచోట ఎదురైన మొదటి మనిషి ఒప్పుకుంటే చాలట. అది వాళ్ళ చట్టం.

"ఎత్తుకోని పో అప్పా. నా పెండ్లాం మొగిలమ్మ పోయినాక ఈడ నాకేముండాది," అన్నాడు చెంగల్రాయుడు. గట్టు జరిపిన పక్క పొలంవాడు కూడా భూమితోపాటే పోతాడు. అది చాలు.

వేలు పలక దాకా వెళ్ళింది. కొట్టంలో ఆవు అరిచింది.

"అదీ మాదే," అంటూ ఆకుపచ్చవాడు చెంబు పట్టుకుని పొదుగు దగ్గర కూర్చున్నాడు. ఆవు ఒక్క తన్ను తన్నింది. వాడు పేడలో పడ్డాడు.

"మా మొగిలమ్మకు తప్ప పాలు చేపదు. ఆయమ్మ చీర చుట్టుకుంటేనే నాకైనా ఇస్తాది."

వాడు లేచి, దండెం మీది నీలం చీర అందుకున్నాడు. చెంగల్రాయుడు రెండో కొస పట్టుకున్నాడు.

"దాన్ని ఇడువు."

"భూమి ఇస్తానన్నావు కదా?"

"భూమి తీసుకో. చీర ఇయ్యను."

"అయితే ముద్ర చెల్లదు. బదులుగా రెండు గ్రహాలిస్తాను."

"ఆటిని కట్టుకుంటే ఆవు పాలిస్తాదా?"

వాడు పలక మూసి, పేడ తుడుచుకుంటూ ఓడ ఎక్కాడు.

చెంగల్రాయుడు చీర చుట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని కూర్చున్నాడు. చెంబులో పాలు జుయ్యిమన్నాయి.

"నాకేమీ లేదంటినని మొగిలమ్మకు చెప్పొద్దే," అన్నాడు ఆవుతో.