జలపాతానికి వెళ్ళే దారిలో

వానలు పడేలోగా పిల్లల్ని ఎటైనా తిప్పుకురావాలని ఎలుగుబంటి భల్లయ్యకు ఒకటే ఆరాటం. "నా చిన్నప్పుడు చూసిన జలపాతం చూపిస్తాను, కళ్ళు చెదిరిపోతాయి!" అని ఊరించి, పెళ్ళాం పిల్లలతో పొద్దున్నే బయల్దేరాడు. దారిలో వాగు పక్కన ఎత్తైన ఇసుక గట్టు కనిపించింది. ఇంకేముంది, పిల్లలు ఎక్కడం, కేరింతలు కొడుతూ జారడం!

భల్లయ్య మొహం ముడుచుకుంది. "పదండర్రా, జలపాతం చూసేదెప్పుడు?"

"పిల్లల కోసమేగా వచ్చాం? వాళ్ళకిదే నచ్చిందయ్యా" అంది భార్య నల్లమ్మ.

"నువ్వూ జారి చూడు నాన్నా!" అంటూ చిన్నకూతురు జున్ను అతన్ని గట్టు మీదికి లాక్కెళ్ళింది. విసుక్కుంటూనే కూర్చున్నాడు. సర్రున జారి ఇసుకలో దబ్బున పడ్డాడు. నవ్వితే ఏమంటాడోనని అందరూ బిక్కమొహాలతో చూస్తున్నారు.

భల్లయ్య ఒళ్ళు దులుపుకోకుండానే గట్టుకేసి పరిగెత్తాడు. "తప్పుకోండి, మళ్ళీ నేనే!"